గుర్తుల మీద వచ్చే డేటా సఫిషియెన్సీ లెక్కలు ఎలా చేయాలి

రెండు పూర్ణ సంఖ్యల లబ్ధం ధన సంఖ్యేనా అని అడుగుతారు. కింద రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. లెక్కల్లో చేయి తిరిగినవాళ్లు కూడా వెంటనే పెన్ను తీసి ఆ సంఖ్యలేంటో కనుక్కోవడం మొదలుపెడతారు. ఒకటో తరగతి నుంచీ లెక్కంటే జవాబు రాబట్టడమే అని నేర్పాం కాబట్టి వాళ్లని అనడానికేమీ లేదు. కానీ డేటా సఫిషియెన్సీలో ఆ సంఖ్యలతో ఎవరికీ పని లేదు. ఇచ్చిన సమాచారంతో ప్రశ్నకు ఒకే ఒక్క జవాబు ఖాయంగా చెప్పగలమా లేదా, అంతవరకే మన పని.

గుర్తుల మీద, అంటే సంఖ్య ధనమా రుణమా అన్నదాని మీద వచ్చే లెక్కల్లో పెద్ద గుణకారాలు, భాగహారాలు ఉండవు. కాలిక్యులేటర్ చేతికిచ్చినా పెద్దగా ఉపయోగపడదు. మార్కు పోయేది దాదాపు ఎప్పుడూ ఒక కేసు చూడకుండా వదిలేయడం వల్లే. ఆ వదిలేసిన కేసు ఎక్కువసార్లు సున్నాయే అయి ఉంటుంది.

పేపర్లో ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. ఇక్కడ మాత్రం తెలియని సంఖ్యలకు క, గ, చ అని రాస్తాను. వేరుగా చెప్పకపోతే అవి పూర్ణ సంఖ్యలే అనుకోండి. అంటే …, −2, −1, 0, 1, 2, … ఇవే.

ఆప్షన్లు ముందే నోటికి రావాలి

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు మన రెండు రాష్ట్రాలు పెట్టే ఐసెట్‌లో డేటా సఫిషియెన్సీకి 20 ప్రశ్నలు కేటాయించారు. మొత్తం 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు సగటున 45 సెకన్లు పడతాయి. నెగటివ్ మార్కులు లేవు. ఆప్షన్లు నాలుగే: మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలితే 1, రెండోది ఒక్కటే చాలితే 2, విడివిడిగా చాలక రెండూ కలిస్తే చాలితే 3, కలిపినా చాలకపోతే 4.

బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు ఉంటాయి. మొదటిది మాత్రమే చాలితే ఏ, రెండోది మాత్రమే చాలితే బీ, రెండూ కలిస్తేనే చాలితే సీ, దేనికది విడిగా చాలితే డీ, కలిపినా చాలకపోతే ఈ. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో ఈ ప్రశ్నలు క్వాంట్ (గణితం) సెక్షన్ నుంచి డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌కి మారాయి. ఆ సెక్షన్‌లో 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కోదానికి రెండుంబావు నిమిషాలు. ఐసెట్‌తో పోలిస్తే తీరిక ఎక్కువే, కానీ ఉచ్చులూ ఎక్కువే.

ఆప్షన్లను ప్రతి లెక్కకీ తిరిగి చదువుకుంటూ కూర్చుంటే ఆ 45 సెకన్లలో పది అక్కడే పోతాయి. వాటిని బట్టీ పట్టడంలో తప్పేమీ లేదు. బట్టీ పట్టాల్సింది ఈ చాప్టర్ మొత్తంలో ఇదొక్కటే. ఇంకొక చిన్న అలవాటు కూడా చేసుకోండి. మొదటి స్టేట్‌మెంట్ చాలుతుందని తేలితే మిగిలేవి ఏ, డీ మాత్రమే. చాలదని తేలితే బీ, సీ, ఈ మిగులుతాయి. రఫ్ షీట్ మీద ఆ అక్షరాలు రాసుకుని కొట్టేస్తూ పోండి. కింది ఉదాహరణల్లో జీమ్యాట్ అక్షరాలే వాడతాను. ఐసెట్‌వాళ్లు అంకెల్లోకి మార్చుకోండి: ఏ, బీ, సీ, ఈ అంటే వరుసగా 1, 2, 3, 4. డీ కి సరిపోయే అంకె అక్కడ లేదు.

మొదటి పని: ప్రశ్నను గుర్తుల్లోకి మార్చుకోవడం

స్టేట్‌మెంట్ల జోలికి పోకముందే ప్రశ్న మీద పది సెకన్లు పెట్టండి. "క × గ > 0 అవుతుందా?" అంటే "రెండిటికీ ఒకే గుర్తు ఉందా?" అని. "క × గ < 0 అవుతుందా?" అంటే "ఒకటి ధనం, ఇంకొకటి రుణమా?" అని. "క² × గ > 0 అవుతుందా?" అన్నది అసలు గ గురించిన ప్రశ్న. గ ధన సంఖ్య అయి, క సున్నా కాకపోతే చాలు. "క > గ అవుతుందా?" అంటే క − గ ధనమా అని. ఇందులో విడిగా క గుర్తుతో గానీ, గ గుర్తుతో గానీ సంబంధమే లేదు.

ఒక సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. "క ధన సంఖ్యా?" అన్న ప్రశ్నకు "ఖాయంగా కాదు" అన్నది కూడా పూర్తి జవాబే. ఇది చూడండి.

క > 0 అవుతుందా?
(1) క² = 16
(2) క³ = −64

మొదటి దాన్లో క విలువ 4 కావచ్చు, −4 కావచ్చు. అవును, కాదు రెండూ వస్తున్నాయి, కాబట్టి చాలదు. రెండో దాన్లో క = −4 ఒక్కటే. జవాబు "కాదు". ఖాయంగా కాదు. కాబట్టి చాలుతుంది, ఆప్షన్ బీ. ధనమా అని అడిగితే రుణం అని వచ్చింది కదా, అయితే స్టేట్‌మెంట్ తప్పేమో అనుకుని ఆప్షన్ ఈ పెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. స్టేట్‌మెంట్‌ను సాక్షి అనుకోండి. సాక్షి మనకు నచ్చిన మాట చెప్పాలని లేదు, తీర్పు తేలిపోయే మాట చెబితే చాలు.

అలాగే "ధనం కాదు" అంటే "రుణం" అని కాదు. గుర్తుల విషయంలో ఇళ్లు రెండు కావు, మూడు: ధనం, రుణం, సున్నా. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం వస్తుందని 628లో రాసిన బ్రహ్మగుప్తుడు సున్నాకు విడిగా నియమాలు రాయడం మర్చిపోలేదు. మనం మర్చిపోతున్నాం.

రెండో పని: స్టేట్‌మెంట్‌లో గుర్తు ఎక్కడ దాగిందో చూడటం

ఇచ్చిన స్టేట్‌మెంట్ ఎంత పెద్దగా కనిపించినా, గుర్తుల వరకే కుదించుకోవచ్చు. సరి ఘాతం గుర్తును దాచేస్తుంది, బేసి ఘాతం గుర్తును అలాగే చూపిస్తుంది. కాబట్టి క² × గ³ × చ⁵ > 0 అని ఇస్తే, క² గుర్తు గురించి ఆలోచించక్కర్లేదు, గ³ బదులు గ, చ⁵ బదులు చ రాసుకోండి. మిగిలేది గ × చ > 0. అంటే గ, చ గుర్తులు ఒకటే. పక్కన "క ≠ 0" అని కూడా తప్పకుండా రాసుకోండి, ఎందుకంటే క సున్నా అయితే మొత్తం లబ్ధం సున్నా అయిపోయేది. ఆ చిన్న నోటు ఒక్కోసారి జవాబునే మార్చేస్తుంది. ఈ కింది లెక్కలో జరిగేది అదే.

క × గ < 0 అవుతుందా?
(1) క² × గ < 0
(2) క³ × గ² ≥ 0

మొదటిది చూద్దాం. క² రుణం కాలేదు కాబట్టి గ < 0, పైగా క ≠ 0. క గుర్తు తెలియదు. క = 1, గ = −1 అయితే జవాబు అవును. క = −1, గ = −1 అయితే కాదు. చాలదు. ఏ, డీ కొట్టేయండి.

మొదటిదాన్ని మనసులోంచి పూర్తిగా తుడిచేసి రెండోది చూడండి. ఇది చెప్పినంత తేలిక కాదు. గ రుణం అని ఇప్పుడే చూశాం కాబట్టి చేయి దానివైపే పోతుంది. రెండోది ఒంటరిగా చెప్పేదేమిటంటే, గ సున్నా అయినా కావాలి, లేదా క సున్నా కంటే తక్కువ కాకుండా అయినా ఉండాలి. క = 2, గ = 3 పెడితే లబ్ధం 6, జవాబు కాదు. క = 2, గ = −3 పెడితే −6, జవాబు అవును. చాలదు. బీ పోయింది.

ఇప్పుడు కలపండి. మొదటిదాన్ని బట్టి గ < 0, కాబట్టి గ సున్నా కాదు. అప్పుడు రెండోదాన్ని బట్టి క ≥ 0. "≥"లో ఉన్న ఆ సున్నా ఇంకా వేలాడుతోంది. కానీ మొదటిది చదివినప్పుడే క ≠ 0 అని పక్కన రాసుకున్నాం. కాబట్టి క > 0, గ < 0, లబ్ధం రుణం. జవాబు సీ. ఆ నోటు రాసుకోనివాళ్లు క = 0 కూడా కుదురుతుందనుకుని ఈ పెడతారు.

"<", "≤" మధ్య తేడా కనిపించేలా చదివేటప్పుడే వాటి చుట్టూ గుండ్రంగా గీయండి. "నాన్ నెగటివ్" అని ఉంటే సున్నా కూడా లోపలే ఉందని అర్థం. ప్రశ్నలోనే "సున్నా కాని పూర్ణ సంఖ్యలు" అని ఇచ్చారంటే మీ పని సగం తగ్గింది.

మూడో పని: ఒక "అవును", ఒక "కాదు" కోసం వెతకడం

స్టేట్‌మెంట్ చాలదని నిరూపించడానికి రెండు ఉదాహరణలు చాలు. రెండూ స్టేట్‌మెంట్‌కు ఒప్పాలి, రెండూ ప్రశ్నకు వేర్వేరు జవాబులివ్వాలి. చాలామంది చేసేదేమిటంటే 2, 3 పెడతారు, అవును వస్తుంది. తర్వాత 5, 7 పెడతారు, మళ్లీ అవును. ఇంకో జత పెట్టి చూసి ఇక చాలుతుందని తేల్చేస్తారు. ఆ జతలన్నీ ఒకే కేసు కింద లెక్క. మొదటి ప్రయత్నంలో "అవును" వచ్చిందంటే అక్కడి నుంచి మీ బుద్ధంతా "కాదు" తెప్పించడం మీదే ఉండాలి.

చిన్న సంఖ్యలే తీసుకోండి: 2, 1, 0, −1, −2. మొత్తాల విషయం వచ్చినప్పుడు మాత్రం పరిమాణాల్లో తేడా ఉండాలి. క + గ > 0 అంటే 5, 2 పెట్టవచ్చు, 5, −2 కూడా పెట్టవచ్చు. రెండిట్లో ఒక్కటైనా ధనం కావాలి, గుర్తుల గురించి అంతకుమించి మొత్తం మనకేమీ చెప్పదు. రెండు సంఖ్యల మొత్తం ధనం అయితే కనీసం ఒకటి ధనం. లబ్ధం ధనం అయితే గుర్తులు ఒకటే. ఈ రెండూ కలిస్తేనే రెండూ ధన సంఖ్యలని తేలుతుంది. ఈ జంట వేషాలు మార్చుకుని చాలా లెక్కల్లో వస్తుంది.

ఐసెట్ పద్ధతిలో ఒకటి చూద్దాం.

క ధన సంఖ్యా?
(1) క + గ = 7
(2) క × గ = 12

మొదటిది మాత్రమే తీసుకుంటే క = 9, గ = −2 కావచ్చు, క = −2, గ = 9 కావచ్చు. చాలదు. రెండోదానికి 3, 4 కుదురుతాయి, −3, −4 కూడా కుదురుతాయి. చాలదు. కలిపితే 3, 4 మాత్రమే మిగిలాయి. క 3 అవుతుందో 4 అవుతుందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఎటూ ధనమే. ఐసెట్‌లో అయితే 3.

ఇప్పుడు రెండో స్టేట్‌మెంట్‌ను క × గ = −18 అని మార్చండి. కలిపితే వచ్చే జత 9, −2. వర్గ సమీకరణం సాధించి జత దొరికిందన్న సంతోషంలో మళ్లీ 3 పెట్టేస్తారు. కానీ క 9 అయితే అవును, −2 అయితే కాదు. జవాబు 4. దీన్ని సాధించకుండానే పట్టుకోవచ్చు. రెండు స్టేట్‌మెంట్లలోనూ క, గ లను తారుమారు చేసినా ఏమీ మారదు. అలాంటప్పుడు ఆ స్టేట్‌మెంట్లు క ను గ నుంచి వేరు చేసి చూపించలేవు. లబ్ధం రుణం అంటే ఇద్దరిలో ఒకరు ధనం, ఒకరు రుణం. ఎవరు ఏదో చెప్పే ఆధారం లేదు. ఇలా తారుమారు చేసి చూడటం ఐదు సెకన్ల పని, దానికి నేనైతే చాలా విలువ ఇస్తాను.

"కాదు" ఎంత వెతికినా దొరకకపోతే? అప్పుడు ఉదాహరణలు ఆపి, ఎందుకు దొరకడం లేదో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. చెప్పగలిగితే చాలుతుంది. చెప్పలేకపోతే ఇంకా వెతకాల్సిందేదో ఉంది.

అక్షరంతో భాగించకండి

క > 0 అవుతుందా?
(1) క × గ > గ
(2) గ > 0

మొదటిదాన్ని చూడగానే రెండు వైపులా గ కొట్టేసి క > 1 అని రాసి ఏ పెట్టేస్తారు. గ గుర్తు తెలియకుండా అసమీకరణాన్ని గ తో భాగించకూడదు. గ రుణం అయితే గుర్తు తిరగబడుతుంది. భాగించే బదులు అంతా ఒకవైపు తెచ్చి కారణాంకాలుగా రాయండి: గ × (క − 1) > 0. అంటే గ, (క − 1) ఒకే గుర్తు. గ ధనమైతే క కనీసం 2. గ రుణమైతే క సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ. చాలదు. రెండోదాన్లో అసలు క ఊసే లేదు. కలిపితే క ≥ 2. జవాబు సీ.

ఇదే లెక్కలో (2) బదులు గ < 0 అని ఇచ్చినా జవాబు సీ నే. అప్పుడు క ≤ 0, అంటే ఖాయంగా "కాదు".

అన్నట్టు, సమీకరణాల్లో కూడా ఇదే జాగ్రత్త కావాలి. క × గ = గ అని ఇస్తే క = 1 అనేయకండి. గ = 0 అయితే క ఏదైనా కావచ్చు.

"పూర్ణ సంఖ్య" అన్న మాట ఊరికే రాయరు

ప్రశ్నలో ఆ మాట ఉందో లేదో గీత గీసుకుని మరీ చూడండి. ఈ ఉదాహరణతో ఎందుకో తెలుస్తుంది.

క పూర్ణ సంఖ్య. క > 0 అవుతుందా?
(1) క² > క
(2) క³ > క

మొదటిదానికి 2 ఒప్పుతుంది, −2 కూడా ఒప్పుతుంది. చాలదు. రెండోదానికి ఒక్కో విలువ పెట్టి చూడండి. క = 2 అయితే 8 > 2, సరే. 1 అయితే 1 > 1, కుదరదు. 0 కుదరదు. −1 అయితే −1 > −1, కుదరదు. −2 అయితే −8 > −2, తప్పు. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ ఘనం ఇంకా కిందికి పడిపోతుంది. కాబట్టి పూర్ణ సంఖ్యల్లో రెండోది ఒప్పేది 2, ఆపై సంఖ్యలకే. చాలుతుంది, జవాబు బీ.

ఇప్పుడు "క పూర్ణ సంఖ్య" అన్న మాట తీసేయండి. క = −1/2 పెట్టండి. ఘనం −1/8. −1/8 అనేది −1/2 కంటే పెద్దది, రెండో స్టేట్‌మెంట్ ఒప్పేసింది. వర్గం 1/4, అదీ −1/2 కంటే పెద్దదే, మొదటిది కూడా ఒప్పేసింది. రెండూ కలిపినా 2 ఒకవైపు, −1/2 ఇంకోవైపు నిలబడ్డాయి. జవాబు ఈ. ఒక్క మాట తీసేస్తే బీ కాస్తా ఈ అయిపోయింది.

−1కీ 0కీ మధ్య, 0కీ 1కీ మధ్య ఉండే భిన్నాలే ఘాతాల లెక్కల్లో వింతగా ప్రవర్తిస్తాయి. పూర్ణ సంఖ్యలు అన్నప్పుడు ఆ రెండు ఖాళీల్లో ఎవరూ ఉండరు. దాంతో సున్నా కాని ప్రతి సంఖ్యా సున్నాకు కనీసం 1 దూరంలో ఉంటుంది.

వరుస పూర్ణ సంఖ్యలైతే ఇంకో మంచి లక్షణం ఉంది. అవి సున్నాను దూకి అవతలికి పోలేవు, సున్నా మీద అడుగు వేసే దాటాలి.

క, గ, చ వరుస పూర్ణ సంఖ్యలు, క < గ < చ. గ < 0 అవుతుందా?
(1) క × గ × చ < 0
(2) క × చ > 0

మూడు సంఖ్యల లబ్ధం రుణం అంటే ఒకటైనా రుణం కావాలి, మూడైనా రుణం కావాలి. మామూలుగా అయితే ఇక్కడే చాలదని ఆగిపోతాం. కానీ ఇవి వరుస సంఖ్యలు. ఒకటే రుణం, రెండు ధనం కావాలంటే మధ్యలో సున్నా ఉండి తీరాలి, అప్పుడు లబ్ధం సున్నా అయిపోతుంది. కాబట్టి మూడూ రుణాలే, (1) ఒక్కటే చాలు. రెండోదానికి 1, 2, 3 ఒప్పుతాయి, −3, −2, −1 కూడా ఒప్పుతాయి. జవాబు ఏ.

రెండూ కలిపేటప్పుడు

మూడు అక్షరాలు వచ్చాయంటే తలలో పెట్టుకోవద్దు, గుర్తుల వరుసలు రాయండి.

క × గ × చ < 0 అవుతుందా?
(1) క × గ > 0
(2) గ × చ < 0

విడివిడిగా చాలవని ఇట్టే తెలుస్తుంది. మొదటిదాన్లో చ లేదు, రెండోదాన్లో క లేదు. కలిపితే క, గ ఒక గుర్తు, చ దానికి వ్యతిరేకం. కుదిరే వరుసలు రెండు:

క +, గ +, చ − : లబ్ధం రుణం
క −, గ −, చ + : లబ్ధం ధనం

జవాబు ఈ. ఇప్పుడు స్టేట్‌మెంట్లు అవే ఉంచి ప్రశ్నను "క × చ < 0 అవుతుందా?" అని మార్చండి. రెండు వరుసల్లోనూ క, చ వ్యతిరేక గుర్తులే. జవాబు సీ. స్టేట్‌మెంట్లు ఎంత చెబుతున్నాయన్నది కాదు, అడిగినదానికి చెబుతున్నాయా అన్నది చూడాలి. ప్రశ్నను ముందే గుర్తుల్లోకి మార్చుకోమన్నది ఇందుకే.

సీ గురించి ఒక హెచ్చరిక. రెండు స్టేట్‌మెంట్లు కలిపితే బొమ్మ ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది, అందుకే సీ పెట్టాలనిపిస్తుంది. "గ > 0 అవుతుందా?" అని అడిగి, (1) క⁴ × గ⁵ > 0, (2) క > 0 అని ఇస్తే, క గుర్తు తెలిస్తే గ గుర్తు తెలుస్తుంది కదా అని సీ మీదకు చూపు పోతుంది. సరి ఘాతం కింద క గుర్తు ఎప్పుడో మాయమైంది, (1) ఒక్కటే చాలు. సీ పెట్టబోయే ముందు "వీటిలో ఒక్కటే సరిపోదూ?" అని ఇంకోసారి అడగండి. మరీ తేలిగ్గా సీ వచ్చిందంటే అనుమానించాల్సిందే.

కలిపాక ఒక్క విలువా కుదరడం లేదంటే ఎక్కడో తప్పు చదివారని అర్థం. జీమ్యాట్‌లో రెండు స్టేట్‌మెంట్లూ ఒకదాన్నొకటి కొట్టిపారేయవు. (1) చాలి "అవును" అని, (2) చాలి "కాదు" అని వచ్చినా అంతే, వెనక్కి వెళ్లి గుర్తులు చూసుకోండి.

మాడ్ వస్తే

మాడ్ అంటే పరమ మూల్యం, గుర్తు వదిలేసిన విలువ. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు, గుర్తుల లెక్కల్లో అది మూడు నాలుగు వేషాల్లోనే వస్తుంది. |క| = క అంటే క ≥ 0. ధనం అని కాదు, సున్నా కూడా ఉంది. |క| = −క అంటే క ≤ 0. |క + గ| = |క| + |గ| అంటే రెండిటి గుర్తూ ఒకటే, లేదా ఏదో ఒకటి సున్నా. |క + గ| < |క| + |గ| అంటే మాత్రం గుర్తులు ఖాయంగా వ్యతిరేకం, సున్నాకు చోటు లేదు. నమ్మకం కుదరకపోతే 3, −2 పెట్టండి: ఎడమ 1, కుడి 5. 3, 0 పెట్టండి: రెండూ 3. కాబట్టి "క × గ < 0 అవుతుందా?" అన్న ప్రశ్నకు ఆ చివరి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. పక్కన క³ × గ < 0 అని రెండోది ఇస్తే అదీ ఒక్కటే చాలు, జవాబు డీ.

మీరు చేయడానికి మూడు

కింద జవాబులున్నాయి. చూడకుండా, గడియారం పెట్టుకుని చేయండి.

మొదటి లెక్క. క < 0 అవుతుందా? (1) క × గ⁴ < 0 (2) క + |గ| = 0

రెండో లెక్క. క × గ × చ > 0 అవుతుందా? (1) క > గ > చ (2) క × చ > 0

మూడో లెక్క. క > 0 అవుతుందా? (1) క + 5 > 4 (2) క² + క > 0

మొదటిదానికి జవాబు ఏ. గ⁴ రుణం కాలేదు కాబట్టి (1) నుంచి క < 0 ఖాయం. (2) లో క = −|గ|, చూడటానికి రుణంలా ఉన్నా గ = 0 అయితే క కూడా 0.

రెండోదానికి ఈ. క, చ లది ఒకే గుర్తు, గ వాటి మధ్యలో ఇరుక్కుంది కాబట్టి దానిదీ అదే గుర్తు. ఇంతవరకూ బాగానే ఉంది, కానీ మూడూ ధనాలైతే లబ్ధం ధనం, మూడూ రుణాలైతే రుణం. 3, 2, 1 ఒకసారి, −1, −2, −3 ఒకసారి పెట్టి చూడండి.

మూడోదానికి సీ. (1) అంటే క > −1, పూర్ణ సంఖ్య కాబట్టి 0 నుంచి పైకి. సున్నా లోపలే ఉంది, చాలదు. (2) ను క × (క + 1) > 0 అని రాస్తే క ≥ 1 కావాలి, లేదా క ≤ −2 కావాలి. కలిపితే 0 కూడా పోయింది, −2 నుంచి కింద ఉన్నవన్నీ పోయాయి, 1 నుంచి పై సంఖ్యలే మిగిలాయి.